నీళ్ళు పడే బండ

కిందటి కార్తీకంలో మా స్కూలు వాళ్ళమంతా వనభోజనాలకు ఎక్కడికి వెళ్దామా అని మాట్లాడుకుంటుంటే, కొత్తగా చేరిన లెక్కల మాస్టారు ఫోను తీసి ఒక జాబితా చూపించాడు. జలపాతాలూ, వింత బండరాళ్ళూ ఉన్న పార్కులు, అన్నీ మా సత్తుపల్లి నుంచి రెండు గంటల లోపు దూరంలోనివే. ఇంటి పక్కనే ఇవన్నీ పెట్టుకొని అరకు దాకా ఎందుకు మేడం అన్నాడు. వేలితో బొమ్మలు పక్కకు జరుపుతూ పోతున్నవాణ్ణి నాలుగో బొమ్మ దగ్గర ఆపమన్నాను. ఏనుగు పడుకున్నట్టుండే నల్లటి బండ, దాని మెడ మీదుగా రెండు పాయలుగా దిగే నీళ్ళు. ఆ ఆదివారం అక్కడికే వెళ్ళాం. గేటు దగ్గర టికెట్టు, సిమెంటు మెట్లు, ఇనప కటకటాలు, చెట్లకు కట్టిన స్పీకర్లలో పాటలు. ఇంతకు ముందు వచ్చారా అని ఎవరో అడిగితే వచ్చానన్నాను. ఎన్నిసార్లు వచ్చానో, ఎందుకు వచ్చానో ఆ పాటల హోరులో చెప్పే ఓపిక లేకపోయింది. ఇంటికి వచ్చాక మూడు రోజులు అన్నం సయించలేదు. అందుకని రాస్తున్నాను.

మా నాయన పేరు వెంకటేశ్వర్లు. కల్లూరులో ఆయన్ను ఇంటిపేరుతో ఎవరూ పిలిచేవారు కాదు, బోరు వెంకటేశ్వర్లు అనేవారు. నాకు ఊహ తెలిసేనాటికే బోరు బండి మీద డ్రిల్లరుగా ఉన్నాడు. బండి ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊళ్ళోనే తిండీ పడకా. వారానికో పది రోజులకో ఇంటికి వచ్చేటప్పటికి నెత్తి మీది వెంట్రుక నుంచి కాలిగోటి దాకా బూడిద రంగు రాతిపొడి. అమ్మ పెరట్లో కట్టెలపొయ్యి మీద కాగు నిండా నీళ్ళు కాచి ఉంచేది. ముందు పొడిగుడ్డతో దులిపి, తర్వాత నీళ్ళు పోస్తే ఒంటి మీది పొడి చిక్కటి గంజిలా కారేది. తడిసిన రాయి, డీజిలు, కుంకుడు రసం కలిసిన ఆ వాసన నాకిప్పటికీ గుర్తే. పైకి ఎగిరివచ్చిన పొడిని రెండు వేళ్ళ మధ్య నలిపి, నాలుక కొనకు తాకించుకొని, నీళ్ళు ఇంకెంత లోతున ఉన్నాయో చెప్పేవాడని రైతులు అనేవారు. ఇంట్లో మాత్రం ఆ సంగతులు ఎత్తేవాడు కాదు. అసలు మాటలే తక్కువ. ఉన్న కాసిని మాటలూ అరిచినట్టుండేవి, ఏళ్ళ తరబడి కంప్రెసరు పక్కన నిలబడ్డ మనిషి కదా. ఆయనకు వినపడాలని మేమూ అరిచేవాళ్ళం. వీధిలో పోయేవాళ్ళు మా ఇంట్లో రోజూ తగాదా అనుకునేవారు.

నేను డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉండగా ఒక మధ్యాహ్నం ఆయన అన్నం ముందు కూర్చొని, ఎవరిదో మోటరు ఆడుతోంది, బందు చెయ్యమని చెప్పండి అన్నాడు. ఆ వేళకు కరెంటే లేదు. అమ్మ ఆ మాట చెబితే నమ్మక, లేచి వెళ్ళి రెండిళ్ళు వెతికి వచ్చాడు. ఆ రోజు మొదలైన చప్పుడు మరి ఆగలేదు. కీచురాళ్ళన్నీ ఒక్కసారిగా తలలో దూరినట్టుంది అనేవాడు. ఒక్కోరోజు ఇనుము మీద ఉలి పెట్టి గీస్తున్నట్టుంది అనేవాడు. మా నాయనమ్మ వెల్లుల్లి వేసి కాచిన నువ్వులనూనె చెవిలో పోసింది. అది పని చెయ్యకపోతే జిల్లేడాకు వెచ్చచేసి రసం పిండింది. చివరికి తన చుట్ట పొగ నోటినిండా పట్టి, కొడుకు తల ఒళ్ళో పెట్టుకొని, చెవిలోకి మెల్లగా ఊదేది. యాభై ఏళ్ళ మనిషి ముసలితల్లి ఒళ్ళో కళ్ళు మూసుకొని పడుకుంటే, ఆ పొగ చెవి చుట్టూ తిరిగి నెరిసిన జుట్టులోంచి పైకి లేచేది. ఖమ్మంలో ఇద్దరు డాక్టర్లకు చూపించాం. ఇద్దరిదీ ఒకటే మాట. నరం దెబ్బ తిన్నది, మందు లేదు, అలవాటు చేసుకోవాలి. దవాఖానా మెట్లు దిగుతూ నాయన అన్నాడు, "అలవాటు ఎట్ల చేసుకుంటరో గది గూడ చెప్పాలె గద."

పని మానేశాడు. నిద్ర పోయింది. తలకు తువ్వాల బిగించి కట్టుకొని రోజంతా పశువుల కొట్టంలో కూర్చునేవాడు. గిన్నెల చప్పుడు భరించలేక మాతో కలిసి తినడం మానుకుంటే, అమ్మ ఇత్తడి, స్టీలు సామానంతా మూటగట్టి అటకెక్కించి, మట్టి చట్లలో వండడం మొదలుపెట్టింది. ఒక పగటిపూట ఆమె గడ్డి కోసం కొట్టంలోకి వెళ్తే, ఆయన పురుగుల మందు డబ్బా ముందు పెట్టుకొని కూర్చొని ఉన్నాడు. మూత ఇంకా తియ్యలేదు. అమ్మ అరవలేదు. డబ్బా తీసి కొంగు కింద దాచుకొని ఎదురుగా చతికిలబడింది. అప్పుడు ఆయనే అన్నాడట, "నాకు చావాలని లేదే. ఈ సప్పుడు ఆగాలని ఉన్నది. అంతే." ఆ మాట నాకు చెబుతున్నప్పుడు అమ్మ చేతులు ఒకదాన్నొకటి పట్టుకొని ఉన్నాయి. ఆ రోజు నుంచి మా ఇంట్లోని తాళ్ళూ, కత్తిపీటా, చేనుకు కొట్టే మందులూ అన్నీ పక్కింటికి చేరాయి. కూరగాయలు తరగాలన్నా అమ్మ పక్కింటికి వెళ్ళి తరుక్కొని వచ్చేది.

నాయనమ్మ భద్రాద్రి రాముడికి మొక్కుకుంది. అమ్మ గేదెను చూసుకోవడానికి ఆగిపోతే, నాయనతో నేనూ మా మేనమామా వెళ్ళాం. తలనీలాలు ఇచ్చి దర్శనం అయ్యాక, ఇంతదూరం వచ్చాం కదా, కాస్త మనసు మళ్ళుతుంది అని మేనమామ మమ్మల్ని పాపికొండలకు పోయే లాంచీ ఎక్కించాడు. ఆ ఇంజను హోరుకు నాయన రెండు చెవులూ అరచేతులతో మూసుకొని, మోకాళ్ళలో తల పెట్టుకొని కూర్చున్నాడు. ఆ కొండలూ ఆ నీళ్ళూ ఆయన ఏమీ చూడలేదు. మధ్యాహ్నం ఒక ఒడ్డున ఆపారు. కొండ మీంచి ఒక వాగు బండలు దూకుతూ గోదావరిలోకి దిగుతోంది. జనం ఫోటోలు దిగుతున్నారు. అటు తిరిగి ఇటు చూసేలోపు నాయన కనపడలేదు. వాగు వైపు పరుగెత్తాను. నీళ్ళు పడే చోటికి బాగా దగ్గరగా, ఒక రాతికి వీపు ఆనించి కూర్చొని ఉన్నాడు. గుండు మీద తుంపర మెరుస్తోంది. నన్ను చూసి ఏదో అన్నాడు. ఆ హోరులో వినపడలేదు, పెదవులు కదిలిన తీరును బట్టి పోల్చుకున్నాను. ఆగింది బిడ్డా అంటున్నాడు. లాంచీ కూత వేసేదాకా అక్కడే నిద్రపోయాడు. బయలుదేరిన పది నిమిషాలకు చెవిలో చప్పుడు మళ్ళీ మొదలైంది. వచ్చేటప్పుడు కంటే తిరిగి వెళ్ళేటప్పుడు ఆయన ముఖం చూడడం కష్టమైంది.

ఇంటికి వచ్చి చెబితే అమ్మ మర్నాడే ఆయన్ను పెరట్లో నీళ్ళతొట్టి పక్కన కూర్చోబెట్టి, చెయ్యెత్తి బిందెతో పై నుంచి నీళ్ళు పోసింది. ఆ నీళ్ళే ముంచి మళ్ళీ పోసింది. కాస్త తగ్గిందన్నాడు. అంతే, పొద్దున గంట, సాయంత్రం గంట పోస్తూనే ఉంది, కుడిభుజం వాచి చెయ్యి పైకి లేవకుండా పోయేదాకా. ఆ తర్వాత వానలు పడి ఊరి చెరువు అలుగు పారింది. పది రోజులు ఆ గట్టునే ఉన్నాడు. అలుగు ఆగిపోయింది. ఆయనకు కావలసింది ఎత్తు నుంచి పడే పెద్ద నీళ్ళని మాకు అర్థమైంది. వారం వారం గోదావరి దాకా పోయి లాంచీ ఎక్కడం మావల్ల అయ్యే పని కాదు. దగ్గర్లోనే ఎక్కడైనా అట్లాంటి చోటు ఉండాలి.

కనపడిన వాళ్ళందరినీ అడిగాను. బస్సు కండక్టర్లను, తునికాకు కొనేవాళ్ళను, అడ్డాకుల కట్టలు అమ్మే ఆడవాళ్ళను. ఇక్కడ జలపాతాలెక్కడివి, చూడాలంటే అరకు పోవాలి అని నవ్వారు. పుట్టి పెరిగిన ఊరికి గంట దూరంలో ఉన్న అడవిలో ఏముందో మాలో ఒక్కరికీ తెలియదు. నాయన్ను టీవీఎస్ బండి మీద వెనక కూర్చోబెట్టుకొని ఎవరు ఏ దిక్కు చెబితే ఆ దిక్కుకు పోయాను. వేంసూరు అవతల ఉందన్నది చూడబోతే పగిలిన కాలువ తూము. ఇంకోచోట ఒక గుట్ట మీద ఎవరో పేర్చిపెట్టినట్టు బండ మీద బండ, దాని మీద ఇంకో బండ. సాయంత్రపు ఎండలో ఎర్రగా కాలుతున్నట్టు ఉన్నాయి. ఎంత బాగున్నాయి అనుకున్నాను. అనుకున్నందుకు వెంటనే సిగ్గేసింది. నాయన ఒక రాతిని అరచేత్తో తడిమి చూసి, దీంట్లో చుక్క నిలవదు, పోదాం పా అన్నాడు. తిరుగు దారిలో నా భుజం పట్టుకున్న ఆయన వేళ్ళు ఎంతగా బిగుసుకుంటే చెవిలో చప్పుడు అంతగా ఉన్నట్టు. ఇంటికి వచ్చి చూసుకుంటే భుజం మీద ఆ గుర్తులు ఉండేవి.

ఆ ఏడే నాకు విద్యా వాలంటీరు పని దొరికింది. అశ్వారావుపేట దాటి, పామాయిలు తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఒక కోయగూడెంలో బడి. అశ్వారావుపేటలో గది కిరాయికి తీసుకున్నాను. అడవి దగ్గరని ఆ పనిలో చేరాను. బడి పక్కనే ముత్తయ్య ఇల్లు. ఆయన మనవరాలు నా దగ్గర రెండో తరగతి. ఎప్పుడూ ఇంటి కప్పు గురించి సణుగుతూ, ఎక్కడో ఒకచోట గడ్డి సర్దుతూ ఉండే మనిషి. ఒకరోజు ఆయన్నూ అడిగాను. జలపాతం అన్న మాట ఆయనకు తెలియలేదు. చేతులతో చూపించాను.

"నీళ్ళు పడే బండనా? ఉన్నది. దేనికి?"

నాయన చెవి సంగతంతా చెప్పాను. అప్పటిదాకా చెప్పిన వాళ్ళలో కొందరు నవ్వారు, కొందరు జాలిపడ్డారు. ముత్తయ్య ఆ రెండూ చెయ్యకుండా, ఎప్పుడు తోల్కొస్తావు అని మాత్రం అడిగాడు.

మొదటి ఆదివారం నాకు బాగా గుర్తు. బండి గూడెంలో పెట్టి వెదురు పొదల మధ్య గంటసేపు నడిచాం. నీళ్ళు కనపడకముందే నాయన నడక మారింది. మమ్మల్ని దాటి ముందుకు పోయాడు. నల్లటి ఆ ఏనుగు బండ మెడ మీద నీళ్ళు రెండుగా చీలి పడుతున్నాయి. ఆయన తువ్వాల విప్పి, మడిచి తల కింద పెట్టుకొని, తడిరాయి మీద పక్కకు తిరిగి పడుకున్నాడు. నేనూ ముత్తయ్యా కాస్త ఎడంగా కూర్చున్నాం. పొద్దు వాలేదాకా ఆయన కదలలేదు. మీ నాయన గుర్రుకు పిట్టలు లేచిపోతున్నాయి అని ముత్తయ్య చెవి దగ్గరికి వచ్చి చెప్పాడు. ఏడాది తర్వాత నేను నవ్వడం అదే.

ఆ వానాకాలమంతా శనివారం సాయంత్రం ఆయన కల్లూరు నుంచి బస్సులో వచ్చేవాడు, ఆదివారం అక్కడికి పోయేవాళ్ళం. నేను పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకుంటుంటే ఆయన నిద్రపోయేవాడు. ముత్తయ్య ఇంట్లో జొన్న జావ తాగి వచ్చేవాళ్ళం. ఒకసారి అడవి గార్డు ఆపి, ప్రతి వారం ఇక్కడ మీకేం పని అని అడిగాడు. చెవి కోసం అంటే నమ్మక సంచులు వెతికాడు. అమ్మ ఒక్కసారే వచ్చింది. నిద్రపోతున్న మొగుడి పక్కన కూర్చొని ఆ నీళ్ళకేసి దండం పెట్టింది. వారంలో ఒక్కరోజు ఆగుతుందని తెలిస్తే మిగతా ఆరు రోజులూ మోయగలను అనేవాడు నాయన.

మాఘమాసం వచ్చేటప్పటికి రెండు పాయలు ఒకటయ్యాయి. శివరాత్రికి బండ మీద ఒక తడి చార మిగిలింది. ఆ తర్వాత అదీ లేదు. ఎండిన బండ కింద నాయన కాసేపు కూర్చొని లేచాడు. ఇంక రావద్దులే బిడ్డా అన్నాడు. వానలు రావడానికి నాలుగు నెలలుంది. ఈసారి ఆయన బాధ ముందటికంటే ఎక్కువైంది, ఆగడమంటే ఏమిటో రుచి చూశాడు కదా. తల గోడకు ఆనించి మెల్లగా కొట్టుకునేవాడు. అమ్మ మధ్యలో చెయ్యి అడ్డం పెట్టేది. శ్రీరామనవమికి భద్రాచలం నడిచిపోయే జనం రోడ్ల మీద కనపడడం మొదలైన రోజుల్లో, ఒక పొద్దున నాయన ఇంట్లో లేడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

మూడు రోజులు వెతికాం. మేనమామ రోడ్డు పట్టుకొని చలివేంద్రాలన్నీ చూస్తూ పోయాడు. నేను బస్టాండ్లలో నిలబడి తలకు తువ్వాల కట్టిన మనుషులందరి ముఖాలూ చూశాను. అమ్మ పొలాల వెంట పడి ఒక్కో బావి దగ్గర ఆగి, లోపలికి తొంగిచూసి, ఆయన పేరు పెట్టి పిలిచేది. మొగుణ్ణి ఆమె పేరు పెట్టి పిలవడం నేనెప్పుడూ వినలేదు. బండ దగ్గరికి మేం పోలేదు. నీళ్ళు లేని చోటికి ఎందుకు పోతాడనుకున్నాం. నాలుగో రోజు, వెతకడానికి ఇంకే చోటూ మిగలక, అక్కడికి పోయాను.

బండ కింద వాగు ఇసుకలో, నడుం లోతు గోతిలో నిలబడి ఉన్నాడు. చేతిలో పలుగు. పైన ముత్తయ్యా, ఆయన కోడలూ తట్టలతో ఇసుక లాగుతున్నారు. నన్ను చూసి అమ్మ ఎట్లా ఉందని అడిగాడు. నాకు ఆయన్ను కొట్టాలనిపించింది.

"అమ్మ బాయిలన్నీ తొంగిచూసుకుంట తిరుగుతాంది నాయనా" అన్నాను.

పలుగు పక్కన పెట్టి గట్టెక్కి కూర్చున్నాడు. 

"అబద్ధం చెప్ప బిడ్డా. పోదామనే వచ్చిన. బండ పైకెక్కుదామని సూస్తే గీ కోడలు పిల్ల కింద కూసోని చెలమలకెల్లి చేత్తో నీళ్ళు తోడుతాంది. పొద్దటి సంది తోడుతున్నదట, సగం బిందె గూడ కాలే. తవ్వే జాగ తప్పు. బండ గిటు వాలి ఉంటే నీళ్ళు గటు ఎందుకుంటయ్?"

"చెవి?"

"ఉన్నది. అదెక్కడికి పోతది."

గూడెంలో అప్పుడు బోరింగు లేదు. ఎండాకాలం వస్తే వాగు ఇసుకలో తవ్వుకున్న చెలమలే గతి, ఆ ఏడు అవీ ఎండాయి. అమ్మకు బస్సు డ్రైవరుతో కబురు పంపి నేను అక్కడే ఉండిపోయాను. ఇసుక పోయి ఎర్రమట్టి వచ్చింది, మట్టి పోయి గులకరాళ్ళు వచ్చాయి. నాయన ఆ రాళ్ళను ఒక్కొక్కటీ నాలుకకు తాకించుకొని పక్కన పెట్టేవాడు. మర్నాడు మధ్యాహ్నానికి గోతి అడుగున బురద తేలింది, సాయంత్రానికి మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. ఆడవాళ్ళు బిందెలతో వరసగా వచ్చారు. నాయన చెవి మీద చెయ్యి వేసుకొని గట్టు మీద కూర్చొని వాళ్ళను చూస్తున్నాడు. నొప్పిగా ఉన్నట్టే ఉంది ముఖం. అయినా ఇంటికి పోదాం పా అని ఆయనే అన్నాడు.

ఆ తర్వాత అయిదేళ్ళు బతికాడు. నీళ్ళ దగ్గర తప్ప చప్పుడు ఒక్కరోజు కూడా వదల్లేదు. వానాకాలం ఆదివారాలు నీళ్ళ కింద పడుకోవడం, వేసవి ముదిరేటప్పటికి గూడెం పోయి చెలమలు తవ్వడం, మధ్యలో కొట్టంలో తువ్వాల కట్టుకొని కూర్చోవడం. బాగా చెడ్డ రోజులు వచ్చేవి. అమ్మ ఆ రోజుల్లో ఆయన్ను విడిచి పెరట్లోకి కూడా పోయేది కాదు. చివరికి ఒక ఆషాఢంలో జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. ఈ మధ్య మా పక్కింటాయనకు చెవిలో హోరు మొదలైతే డాక్టరు ఫోనులో నీళ్ళ చప్పుడు పెట్టి ఇచ్చాడు. ఎక్కడివో జలపాతాలు, ఏ వేసవికీ ఎండనివి, చెవిలో ఇయర్ ఫోను పెట్టుకొని పడుకుంటే చాలు. హాయిగా నిద్ర పడుతోందట. మంచిదన్నాను. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. అమ్మ భుజం చివరిదాకా సరిగా లేవలేదు. పార్కు అయినాక గూడెం రోడ్డు మీదికి జరిగింది, ఇంటింటికీ నల్లా వచ్చింది. దానికి నేను సంతోషించాలి, సంతోషమే. ముత్తయ్య ఇప్పుడు లేడు. ఆ చెలమ ఎక్కడుండేదో నేను మొన్న వెతికితే దాని మీద బట్టలు మార్చుకునే గదులు కట్టి ఉన్నాయి.

నాయన పోయిన మరుసటి ఎండాకాలం నేను కల్లూరులో అమ్మ దగ్గర ఉన్నాను. అప్పటికి ఆ బడి వదిలేశాను. గూడేనికి మేం కబురు పంపలేదు. పంపాలన్న ఆలోచనే రాలేదంటే ఇప్పుడు నాకు తల ఎత్తబుద్ధి కాదు. ఒక మధ్యాహ్నం ముత్తయ్య మా గుమ్మం ముందు నిలబడ్డాడు. ఊరంతా బోరు వెంకటేశ్వర్లు ఇల్లు ఏదని అడుగుతూ వచ్చాడట. దారి చూపిన వాళ్ళెవరూ సంగతి చెప్పలేదు. చేతిలో అడ్డాకులో కట్టిన ఇప్పపూలు.

"చెలమ ఎండింది. మీ నాయనను తోల్కపోదామని వచ్చిన."

అమ్మ గోడకేసి చూసింది. ఆయనా అటు చూశాడు. దండ వేసిన ఫోటో ముందు కాసేపు నిలబడి, గోడకు ఆనుకొని కింద కూర్చున్నాడు. నేను నీళ్ళిచ్చాను. తాగి చెంబు పక్కన పెట్టాడు. తర్వాత నన్ను అడిగాడు.

"బిడ్డవు గద. ఏడ తవ్వాలెనో నీకేమన్న చెప్పిండా?"

ఎన్ని ఆదివారాలు ఆయన పక్కన కూర్చున్నానో లెక్కలేదు. ఎన్ని మైళ్ళు ఆయన్ను వెనక ఎక్కించుకొని తిరిగానో. అన్ని రోజుల్లో నేను ఆయన్ను అడిగింది ఒక్కటే, చెవి ఎట్లా ఉంది నాయనా అని. రాయిని నాలుకకు తాకిస్తే ఏం తెలుస్తుందో, పొడి రంగు చూసి నీళ్ళెట్లా చెబుతాడో ఒక్కసారి అడగలేదు.

"చెప్పలే తాతా. నేను అడగలే."

ముత్తయ్య తల ఊపాడు. ఏడనో ఒకకాడ మేమే తవ్వి చూస్తాంలే అన్నాడు. అమ్మ ఆయనకు అన్నం పెట్టింది. తిని, మూడు గంటల బస్సుకు వెళ్ళిపోయాడు.